లోపలికే ఉన్న అడుగులు

ఇబ్రహీంపట్నంలో తెల్లారగానే ఆడవాళ్ళు చీపురు ఆడించేముందు ఓసారి కిందికి చూస్తారు. రాత్రంతా గుమ్మాల ముందూ వరండాల్లోనూ థర్మల్ స్టేషన్ నుంచి సన్నటి బూడిద పడుతుంది. దాని మీద అడుగులుంటాయి. పాలవాడో పేపరువాడో నిజంగా వచ్చి వెళ్తే రెండు వైపులా ఉంటాయి. రావాలని రాత్రంతా గింజుకుని రాలేకపోయినవాళ్ళవైతే లోపలికి మాత్రమే ఉంటాయి. అమలమ్మగారి గుమ్మంలో ఆవిడ చెల్లెలి అడుగులు ఏడాదిగా పడుతున్నాయి. ఇద్దరికీ మాటల్లేవు. "వస్తే రావచ్చుగా, ఎవరొద్దన్నారు" అని గొణుక్కుని, నీళ్ళు చల్లి ముగ్గేసుకుంటుంది ఆవిడ. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

కానీ పెళ్ళి కుదిరిన పిల్ల ఉన్న ఇంట్లో మగ అడుగులు పడితే మాట్లాడుకుంటారు. ఎందుకు మాట్లాడుకోరూ, వీధంతా ఆ పనిమీదే ఉంటుంది. సంజీవరావుగారు శాంభవికి కబురు చేసింది అందుకే.

శాంభవికి విజయవాడ గవర్నర్‌పేటలో ఓ లాడ్జి మేడ మీద డిటెక్టివ్ ఆఫీసుంది. డిటెక్టివ్ అంటే హత్యలూ దోపిడీలూ అనుకునేరు. పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు. అబ్బాయి తాగుతాడా, అమ్మాయి ఇదివరకు ఎవరితోనైనా తిరిగిందా, ఇవే ఆవిడ కేసులు. ఏళ్ళ తరబడి ఇదే పని కావడంతో ఇస్త్రీ చేసే అతను నవ్వినా ఎందుకు నవ్వాడా అని ఆరా తీసే మనిషయిపోయింది.

"వారం నుంచీ ఇదే వరసమ్మా" అంటూ వరండా చూపించారు సంజీవరావుగారు. పాలిటెక్నిక్‌లో లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఆయనా, కూతురు సింధూరీ, ఇద్దరే. "పెళ్ళి దగ్గర పడింది. వీడెవడో తేల్చండి. అమ్మాయికి కూడా వాడంటే ఇష్టమని తేలితే సంబంధం నేనే వద్దనుకుంటాను. అవతలివాళ్ళని మోసం చెయ్యలేను."

సింధూరి గుమ్మానికి ఆనుకుని వింటోంది. విజయవాడలో ఓ హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తుంది. వారంగా తండ్రి ఆమెను ఉద్యోగానికి పంపడం లేదు.

"నేనెవర్నీ రమ్మనలేదు నాన్నా."

"నువ్వు ఆశ పెట్టకుండానే రోజూ గింజుకుంటాడా?"

ఆ పిల్ల మొహం చూసి శాంభవికి జాలేసింది. అయినా అనుమానం పోలేదు. ఇలాంటి మొహం పెట్టి అబద్ధాలు చెప్పినవాళ్ళని ఆవిడ చాలామందిని చూసింది.

ముందు అడుగుల్ని బాగా చూసి పెట్టుకుంది. వెడల్పాటి పాదం. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. చిటికెనవేలు నేలకి ఆనలేదు. సింధూరితో చదువుకున్న సాయిగణేష్ పక్కవీధిలోనే ఉంటాడని తెలిసి, అద్దెకి ఇల్లు వెతుకుతున్నట్టు వాళ్ళింటికెళ్ళి మంచినీళ్ళడిగింది. అప్పుడే తుడిచిన గచ్చు మీద నడిచి గ్లాసు తెచ్చిచ్చాడతను. పాదం మొత్తం నేలకి అంటుకునే రకం, అయిదు వేళ్ళూ పడ్డాయి. పైగా లోపల వాళ్ళావిడ చంటిదాన్ని ఉయ్యాల ఊపుతోంది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చి, శాంభవి వరండాలో గొంతుకూర్చుంది. అడుగులు గేటు నుంచి వచ్చాయి. కుడివైపున్న సింధూరి కిటికీ వైపు తిరగనేలేదు. తిన్నగా పేముకుర్చీ దగ్గరికి వచ్చి, దానికి ఎదురుగా రెండూ పక్కపక్కన ఆగిపోయాయి.

"ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారండీ?"

"నేనే. ఇంకెవరున్నారు?"

"అయితే వీడికి పని మీ అమ్మాయితో కాదు. మీతో."

సంజీవరావుగారు వంగి అడుగుల్ని మళ్ళీ చూసుకున్నారు. శాంభవికి తలకొట్టేసినట్టయింది. ఇంట్లో ఆడపిల్ల ఉందనగానే వీధి వీధంతా కిటికీ వైపే చూసింది, తనతో సహా.

పెళ్ళి ముందు ఈయనతో చెప్పాల్సిన మాట ఉండి, చెప్పలేక నలిగేది ఎవరు? శాంభవి స్కూటర్ ఆటోనగర్ వైపు తిప్పింది. పెళ్ళికొడుకు సిద్ధార్థ అక్కడ తండ్రి రత్తయ్య స్పేర్ పార్ట్స్ షాపులో కూర్చుంటాడు. లక్ష్మీదేవి పటం ఉందని ఆ షాపులో ఓనర్ల దగ్గర్నుంచీ అందరూ చెప్పులు బయటే విప్పాలి. స్కూటర్‌కి అద్దం కావాలని అడిగితే, సిద్ధార్థ నిచ్చెనెక్కి పైఅరలోంచి తీశాడు. అతను దిగుతుంటే చూసింది. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు, చిటికెనవేలు గాల్లో ఉంది.

"రోజూ సంజీవరావుగారి కుర్చీ ముందు నిలబడుతున్నారు బాబూ. ఏం చెప్పాలని?"

సిద్ధార్థ తండ్రి కోసం అటూ ఇటూ చూశాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"సుస్మిత అనే అమ్మాయీ నేనూ రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నామండీ. మా ఇంట్లో తెలుసు. తెలిసే ఈ సంబంధం ఖాయం చేశారు. అంకుల్‌కి చెప్పేద్దామని బండి తీస్తాను. సగం దారిలో గొల్లపూడి దాటలేను."

"ఇవాళ దాటుదురుగాని, ఎక్కండి" అంది శాంభవి.

ఆ మధ్యాహ్నం అతను కుర్చీ ముందు నిలబడి అంతా చెప్పేశాడు. పెళ్ళి ఆగిపోయింది. పిల్ల గొంతు కోసేవాళ్ళే, అదృష్టం బాగుండి బయటపడింది అంది వీధంతా. సంజీవరావుగారు శాంభవికి చేతులెత్తి దణ్ణం పెట్టారు.

మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి ఫోన్. "మళ్ళీ పడ్డాయమ్మా. ఓసారి రండి."

ఈసారి అడుగులు ఇంట్లోంచి మొదలయ్యాయి. గడప దాటి, వరండా మెట్లు దిగి, గేటు బయటికి వెళ్ళిపోయాయి. తిరిగి వచ్చినవి లేవు. చిన్న పాదాలు. లోపల సింధూరి గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఎవరివమ్మా ఇవి?"

"మీకు తెలుసు కదండీ."

"వేరేవాళ్ళవేమో, మీరు చూసి చెబుతారని..." సంజీవరావుగారు కుర్చీలో కూలబడ్డారు. "దాని తప్పేం లేదని తేలిపోయింది కదమ్మా. ఇంకా ఎందుకు?"

శాంభవి ఏదో అనబోయేంతలో సింధూరి చీపురుతో వచ్చి, కిందికి చూసి ఆగిపోయింది. బుకాయించలేదు.

"పెళ్ళి తప్పిందని కాదు నాన్నా. ఆ అబ్బాయి వచ్చి చెప్పేదాకా నువ్వు నన్ను నమ్మలేదు. నాకీ ఇంట్లో ఉండబుద్ధి కావట్లేదు."

ఆయన ఆ అడుగుల వెంట గేటుదాకా చూశారు. వాటిమీద నీళ్ళు చల్లమనీ అనలేదు, గేటు వెయ్యమనీ అనలేదు.

"ఎక్కడుంటావు?"

"హాస్పిటల్ పక్కన హాస్టల్ ఉంది."

"అన్నం బాగుంటుందా?"

"తెలీదు."

"నేనూ వచ్చి చూస్తాను. లోపలికి రానులే, బయటే నిలబడతాను."

"వద్దు నాన్నా. ఒక్కదాన్నే వెళ్తాను."

సంజీవరావుగారు తలూపారు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, కూతురికి ఆటో పిలవడానికి రోడ్డు మీదికి వెళ్ళారు.