మహీన్ నురగ గొట్టం

ఇల్లందు బస్టాండు వెనక వీధిలో జావీద్‌కు పైపులూ మోటార్లూ అమ్మే దుకాణం ఉంది. పై అంతస్తులో కాపురం. ఆ ఇంటి ముందుగదిలో, ఎవరైనా టీవీ పెట్టుకునే చోట, అతని భార్య మహీన్ ఉప్పునీళ్ళ తొట్టి పెట్టుకుంది. లోపల రాళ్ళు, రాళ్ళ మీద పువ్వుల్లా విచ్చుకునే పగడాలు, వాటి మధ్య రెండు నారింజరంగు చేపలు. అన్నీ ఫారంలో పెంచినవే, హైదరాబాదు నుంచి నీళ్ళ ప్యాకెట్లలో బస్సెక్కి వచ్చినవి. మహీన్ సముద్రాన్ని చూసింది ఒక్కసారే, పెళ్ళయిన కొత్తలో. అప్పటినుంచీ అది ఆమెను వదల్లేదు.

ఆ ఎండాకాలం తొట్టిలో నీళ్ళు పసుపుపచ్చగా మారాయి. పగడాలు ముడుచుకుపోయాయి. నీళ్ళు మార్చితే రెండ్రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే. మహీన్ ఫోన్లో వీడియోల మీద వీడియోలు చూసి చివరకు పట్టుకుంది. తన తొట్టికి లేనిది స్కిమ్మర్. నిలువు గొట్టంలో నీళ్ళలోకి సన్నటి గాలిబుడగలు వదిలితే, చేపల మురికి ఆ బుడగలకు అంటుకుని నురగగా పైకెక్కుతుంది. పైనున్న గిన్నెలో పడుతుంది. అంతే!

"కొనుక్కోరాదు?" అన్నాడు జావీద్.

"కొంటే ఏం మజా ఉంటది? కింద మీ దుకాణంల అన్నీ ఉన్నయ్ కదా," అంటూ ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

సాయంత్రానికి ముందుగదిలో తెల్లటి లావు పైపు ముక్క, మూతలు, ఎల్బోలు, వాల్వు, పైపు కోసే ఆక్సా బ్లేడు, అతుకులు వేసే సొల్యూషన్ డబ్బా పరుచుకుని కూర్చున్నాయి. అత్త షరీఫా కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ వచ్చి నిలబడింది.

"ఏంది బేటీ, దుకాణం ఇంట్లకే వచ్చిందా?"

"అమ్మీ, పాయా ఉడికేటప్పుడు మురికి నురగ పైకి తేలుతది కదా? మీరు గరిటెతో తీసేస్తరు. చేపల నీళ్ళకు గూడ గట్లనే తియ్యాలె. గరిటె పని గాలి చేస్తది."

"చేపలకు గూడ పాయానా!" అని షరీఫా నవ్వి, అయినా పైపు కదలకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. మహీన్ కోసింది. పైపు మీద సన్నటి మెడ అమర్చి, ఆ మెడ పైకొస లోపలికి వచ్చేట్టు ప్లాస్టిక్ పచ్చడి జాడీ అడుగు తొలిచి గిన్నెలా బిగించింది. మెడ దగ్గర లోపలిది కనబడేట్టు నీళ్ళ సీసా ముక్క అతికించింది.

నీళ్ళ పంపు, గాలి పంపు తగిలించి స్విచ్ వేసింది. గొట్టంలో గుడగుడమని చప్పుడైంది. మెడలోకి నీళ్ళు ఎగదన్నాయి, జాడీ నిండి నేలంతా ఉప్పునీళ్ళయింది. షరీఫా చీరకుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని "జల్దీ బంద్ చెయ్!" అని అరిచింది. మహీన్ తుడుస్తూనే నవ్వుతోంది. కారేదైతే కారింది, పైపు అతుకులన్నీ నిలిచాయి!

వాల్వు సరిచేసి నీటిమట్టం దించింది. కానీ బుడగలు శనగగింజలంత వస్తున్నాయి. అంత పెద్దవి మురికిని పట్టవు, పైకొచ్చి పగిలిపోతాయి. గాలిగొట్టం చివర తను పెట్టిన రాయిలాంటి ఎయిర్‌స్టోన్ కాకుండా, మెత్తటి చెక్కముక్కలోంచి గాలి పంపితే పొగమంచులా వస్తాయని ఎక్కడో చదివింది. వడ్రంగి దగ్గర టేకుముక్క తెచ్చి బిగిస్తే ఒక్క బుడగా రాలేదు, గాలి పంపు వేడెక్కింది. పండ్ల పెట్టె చెక్క పెడితే పగుళ్ళలోంచి మళ్ళీ శనగగింజలే.

పక్కింట్లో కిరాయికుండే వనజ ఆ వేళకు డ్యూటీ దిగి వచ్చింది. ఆమె ఆర్టీసీ కండక్టర్, చర్ల దగ్గరి పల్లె ఆమెది. తొట్టిలోకి తొంగి చూడనిదే ఇంటికి పోదు. పగిలిన చెక్కముక్క చూసి సంగతి అడిగి తెలుసుకుంది.

"మెత్తటి కట్టె గావాల్నా భాభీ? పొణికి కట్టె తెస్త. మా ఊర్ల పిల్లలకు బొమ్మబండ్లు చెక్కేది దాంతోనే. దూదిలెక్క ఉంటది."

"ఎప్పుడు తెస్తవ్?"

"గింత తొందరైతే ఎట్ల? సెలవు రానియ్."

ఆ సెలవు వచ్చేదాకా మహీన్‌కు కాలు నిలవలేదు. వనజ ఎండిపడిన కొమ్మలోంచి కోసిన ముక్క పట్టుకుని మెట్లెక్కుతుంటే ఎదురుపోయి అందుకుంది. నిజంగానే చేతిలో బరువే తెలియలేదు. సబ్బుబిళ్ళంత చెక్కించి, చివర రంధ్రం పెట్టి, గాలిగొట్టం దిగ్గొట్టి, స్కిమ్మర్ అడుగున పెట్టింది.

"వెయ్ వనజా స్విచ్!"

సీసామెడలో నీళ్ళు తెల్లబడ్డాయి. పాలు పోసినట్టు. బుడగ అన్నది విడిగా కనబడనంత సన్నం.

"అరె వాహ్!" మహీన్ వనజ చేతులు పట్టుకుని గదిలో గిర్రున తిప్పేసింది. కింద దుకాణంలోంచి జావీద్ "ఏమైంది?" అని అరిచాడు.

కానీ నురగ మెడదాకా వస్తోంది, అక్కడ కూర్చుంటోంది. మర్నాడూ అంతే. మహీన్ వాల్వు తిప్పింది, గాలి పెంచింది, మూత తీసి లోపల వేళ్ళు పెట్టి తడిమింది. షరీఫా పక్కనే కుర్చీ వేసుకుని చూస్తూ ఉండి ఉన్నట్టుండి అంది:

"నీ చేతులు చూపెట్టు. తలకు నూనె పెట్టుకుని వచ్చినవ్ కదా?"

"అవ్, అమ్మీ."

"పొంగే గిన్నెల నూనెచుక్క పడ్డదంటే పొంగు కూసుంటది. నీ గొట్టంల గూడ గదే కావచ్చు."

మహీన్ తన వేళ్ళు చూసుకుంది, జిడ్డు మెరుస్తోంది. తర్వాత అత్త బుగ్గ మీద ముద్దు పెట్టి, గొట్టాన్ని ఊడదీసి స్నానాలగదిలోకి పరుగెత్తింది. సిర్కా, అంటే వెనిగరు, పోసి కడిగింది, వేడినీళ్ళు పోసి కడిగింది. కొత్త పైపుకుండే జిడ్డుతో సహా అంతా పోయేదాకా కడిగింది. మోచేతులదాకా తోముకుని మళ్ళీ బిగించింది.

ఆ మధ్యాహ్నమంతా ఏమీ కాలేదు. సాయంత్రం షరీఫా నమాజు ముగించి లేస్తూ తొట్టివైపు చూసి, "మహీన్!" అని కేక వేసింది.

నురగ మెడ దాటింది. చిక్కగా, బరువుగా, టీ రంగులో, ఒక్కొక్క బొట్టుగా జాడీలోకి జారుతోంది. జావీద్ కౌంటరు వదిలేసి వచ్చాడు. వెనకే మోటారు కొనడానికొచ్చిన రైతు కూడా వచ్చాడు. నలుగురూ మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి ఆ మురికిని చూస్తూ నిలబడ్డారు. జాడీ విప్పి జావీద్ ముక్కు దగ్గర పెట్టుకుని, "తోబా!" అని వెనక్కి గంతేశాడు.

"గంత కంపు గొడుతుందా?" మహీన్ ముఖం వెలిగిపోయింది. "అంటే గీ మురికంతా ఇన్నాళ్ళు నీళ్ళల్లనే ఉన్నదన్నట్టు!"

వారం తిరిగేసరికి నీళ్ళు గాజులా తేటపడ్డాయి. అవతలి గోడ మీది క్యాలెండరులో అంకెలు తొట్టిలోంచి చదువుకోవచ్చు. ఒక ఉదయం తొట్టి దీపాలు వెలగగానే, ముడుచుకుపోయిన పగడాల్లో మొదటిది మెల్లగా విచ్చుకుంది. ఆకుపచ్చ అంచు, మధ్యలో గులాబీ. దాని పక్కది, ఆ పక్కది. మహీన్ పక్కింటి వైపు గోడ మీద తట్టి వనజను పిలిచింది. యూనిఫాం వేసుకుని, టికెట్ మిషను మెడలో తగిలించుకుని వనజ పరుగున వచ్చింది. బస్టాండులో డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"పో వనజా, లేటైతది!"

"కొట్టుకోనియ్ భాభీ," అంది వనజ గాజుకు ముక్కు ఆనించి. "ఇంకొకటి విచ్చుకునేదాక చూసిపోత."