వీపు మీది ఉప్పు గీత

కొత్త చొక్కాను పాతది చేయడం నా ఉద్యోగం. మా తాతముత్తాతలు పోచంపల్లిలో నూలుకు మెరిసే రంగులు అద్దారు. నేను అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర స్టూడియోలో సినిమా బట్టలకు మురికి పూస్తాను. టీ డికాక్షన్, ఇటుక పొడి, సాండ్‌పేపర్, నాలుగు రకాల పెయింటు. ఎవరైనా "గింతేనా హనుమాండ్లూ, నీ పని?" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈసారి అడిగింది వాచ్‌మన్ ఖాకీ చొక్కాకు నకలు. ఆ వేషం వేసిన త్రినాథరావు గారు ఒక్క సీను మిగిలుండగా గుండెపోటుతో పోయారు. గేటు మూసి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచి వెళ్లిపోయే సీను. డూపును పెట్టి వెనక నుంచి తీద్దామన్నారు డైరెక్టరు. రేపు పొద్దున చొక్కా పాతదానితో కలవకపోతే ఆ సీను ఎత్తేస్తారు, పెద్దాయన పాత్ర మధ్యలోనే మాయమైపోతుంది. చిన్న సినిమా, ఉన్నదే ఒక్క చొక్కా. ఆఖరి రోజు ఆయన దాన్ని విప్పకుండానే ఇంటికి వెళ్లిపోయారు.

కొత్తది కుట్టించి కొంత వెలిసేలా చేశాను. కానీ షూటింగులో తీసిన ఫోన్ ఫొటోల్లో అసలు ఖాకీ ఒకదాంట్లో పచ్చగా, ఇంకోదాంట్లో ఎర్రగా ఉంది. రంగును ఎండలోనే చూడాలనేవాడు మా నాయన. నేను చేసిన నకలు పట్టుకుని, అసలు చొక్కా కోసం ఎల్బీనగర్‌లో త్రినాథరావు గారి ఫ్లాట్‌కు వెళ్లాను.

ఆయన భార్య నాగేశ్వరి గారు ఒక్కరే ఉన్నారు. చొక్కా తెచ్చి చేతిలో పెట్టారు. ఇస్త్రీ మడతలతో శుభ్రంగా ఉంది.

"నాలుగుసార్లు ఉతికానండీ. అంత మురికి చొక్కా ఇంట్లో ఎలా ఉంచను?"

"అది మురికి కాదమ్మా! మూడు రోజులు కూసొని నేను పూసిన పెయింటు!" అని అరిచేశాను. మనిషి పోయిన ఇంట్లో అరిచానని వెంటనే సిగ్గేసింది.

ఆమె చొక్కాను మళ్లీ తన చేతిలోకి తీసుకున్నారు. "అందులో ఆయనది ఏమీ లేదా?" అన్నారు.

ఉతికేశానని బాధపడతారేమోనని, "లేదమ్మా, మొత్తం నేను పూసిందే" అని అబద్ధమాడాను.

"నలభై రోజులు వేసుకున్నారు కదండీ, కొంచెం కూడా లేదా?" ఆమె చొక్కాను తడిమి చూశారు. "ఉండి, నా చేత్తో నేనే పోగొట్టుకున్నా బాగుండేది."

ఇక దాచలేకపోయాను. "ఉండె అమ్మా. వీపు మీద చెమట ఆరి తెల్లగ ఉప్పు గీత ఒచ్చేది. అది నేను పెట్టింది కాదు, సారుదే."

అప్పుడు ఏడ్చారు. నాకేం చేయాలో తోచక గోడ వంక చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఆమే లేచి రెండు చొక్కాలనూ బాల్కనీలో ఎండకు పరిచారు. ఉతికినా అసలు ఖాకీ రంగు మిగిలే ఉంది. నాది ఇంకా పచ్చగా ఉందని, రెండుసార్లు డికాక్షన్ పట్టించాలని తేలింది. ఆమె నా దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుని నా చొక్కా వీపు మీద వంగారు.

"భుజాల కింద మొదలై ఎడమపక్కకి దిగేదండీ. ఆ భుజం వంచి నడిచేవారు. ముప్పై ఏళ్లు ఉతికాను, నాకు తెలీదా?"

చెయ్యి తడబడకుండా ఒక్క ఊపులో గీశారు. ఫొటోలతో పోల్చి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

రంగు సరిచేసి, మురికి పూసి, ఆమె గీసిన చోటే ఉప్పునీళ్లు అద్ది ఆరబెట్టాను. మర్నాడు డూపు గేటు మూసి నడిచి వెళ్తుంటే, మానిటర్ దగ్గర కెమెరా మధు "అచ్చం సారే పోతున్నట్టుందన్నా" అన్నాడు. డైరెక్టరు ఒక్క టేకుకే ఓకే చెప్పారు. సంతోషించాల్సిన మాటే, కానీ నా చూపు ఆ గీత మీదే ఉండిపోయింది.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో నా కిరాయి గదికి వచ్చి, చెమట చొక్కా విప్పి వీపు వైపు తిప్పి చూశాను. నాకూ ఒక గీత ఉంది. కుడిపక్కకు వంగి ఉంది. నలభై ఆరేళ్లకు దాన్ని మొదటిసారి చూస్తున్నాను. నేను పోతే, హనుమాండ్లు గీత ఇటు వంగేదని చెప్పడానికి ఒక్క మనిషీ లేడు. చొక్కా చేతిలో పట్టుకుని ఏడ్చాను.