పక్కన నిలబడి చూసే కణాలు

కొట్లో అమ్మే కొంబు అనే ఎండు సముద్రపు నాచును తడిగుడ్డతో తుడుస్తుంటే పక్కటెముకల మీద మళ్లీ మంట. ఏడాదిలో ఈ సర్పి రావడం ఇది రెండోసారి. చిన్నప్పటి ఆటలమ్మే అరవై ఏళ్లు నరాల్లో నిద్రపోయి లేచిందట.

ఉదయం రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు ఇషిమురా, నా కూతురి వయసుది, మెల్లగా చెప్పింది.

"రోగాలతో పోరాడే కాపలా కణాలు తగ్గలేదమ్మా. లెక్కకి ఎక్కువే ఉన్నాయి. చంపడమే తగ్గించేశాయి. చెడ్డ కణం పక్కకి వెళ్తాయి, దెబ్బ వెయ్యవు. వయసుతో వచ్చేదే."

"చెడ్డ కణమంటే క్యాన్సరా?"

"అదొక్కటే కాదు, వైరస్ పట్టిన కణం కూడా." కాగితం మడిచింది. "జ్వరమున్నవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి."

ఒసాకాలో నలభై రెండేళ్లుగా ఈ నాచు దుకాణం నడుపుతున్నాను. మూట పైపైన చూసి సరుకు కొన్నవాడు మునుగుతాడు. మధ్యలోంచి ఒక ఆకు లాగి చూడాలి. నా ఒంటిని మాత్రం పైపైనే చూశాను. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా "నీకేం కాదులే, రాతి ఒళ్లు నీది" అని మా ఆయన తొమొజి నన్నే గదిలోకి పంపేవాడు. "మా కోడలంటే జ్వరాలకే భయం" అని అత్తగారు చుట్టాల ముందు నవ్వేది. పొగడ్త అనుకుని మోశాను. పదిమంది ఉన్న కొట్లో ఒక్కరే మూటలెత్తితే చివరికి ఏమవుతుందో తెలిసినదాన్నే. ఇప్పుడు లోపల ఎక్కడో ఒక్క కణం దారి తప్పి ఉంటే? దాని పక్కనే నా కాపలావాళ్లు చేతులు కట్టుకుని చూస్తూ ఉంటే? తుడిచిన ఆకునే మళ్లీ తుడిచాను.

మేడ మీద దగ్గు. తొంభై మూడేళ్ల అత్తగారికి నిన్నటి నుంచి ఫ్లూ. తొమొజి గంజి గిన్నెతో మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"అమ్మ పక్క తడిపింది. వెళ్లు."

"నేను వెళ్లను."

"ఏమొచ్చింది నీకు?"

"భయంగా ఉంది."

ఈ ఇంట్లో ఈ మాట నా నోట ఎన్నడూ రాలేదు. అతను నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. పైన మళ్లీ దగ్గు. గిన్నెలో గంజి అంచు దాకా ఊగింది.

"నాకూ భయమేనే," అన్నాడు గొంతు తగ్గించి. "మొదట్నుంచీ."

"తెలుసు," అన్నాను. "మాస్కు ముక్కు మీదికి లాక్కోండి. నడుం కింద చెయ్యి వేసి లేపండి. మిగతాది ఇక్కణ్ణుంచే చెప్తాను."