ఎర్రకుంట మస్టరు

"కళ్లు ఆర్పు పెద్దమ్మా. ఇంకొక్కసారి."

దానమ్మ పెద్దమ్మ కళ్లు ఆర్పింది. నా చేతిలోని ఫోను ఆమె ముఖం చుట్టూ గుండ్రంగా ఒక గీత తిప్పి, కాసేపు ఆలోచించి, ఎర్రబడింది. ముఖం సరిపోలలేదట. అది ఏడోసారి. ఆమె కుడికంటికి రెండేళ్ల కిందట శుక్లం ఆపరేషన్ జరిగింది. అప్పటి నుంచి ఆ రెప్ప సగమే వాలుతుంది. ఫోనుకు రెండు రెప్పలూ పూర్తిగా వాలాలి.

టెక్నికల్ అసిస్టెంట్ ప్రకాశరావు బండి దిగకుండానే చూస్తున్నాడు.

"పేరు పడదు. ఇంటికి పంపించెయ్" అన్నాడు నాతో.

"నేను దానమ్మను కాకపోతే ఎవురిని సార్?" అని పెద్దమ్మ అడిగింది. "ఉపాధి పని మొదలైన కాడినుంచి ఈ పారతోనే తవ్వుతాండా గదా."

"నన్నడుగుతావేంది? సర్వర్‌ని అడుగు."

ఆమె ఇంటికి పోలేదు. అందరితోపాటు బోడిగుట్ట ఎక్కి, వరుసలో తన చోట నిలబడి కందకం తవ్వింది. "పేరు పడలేదు గదా పెద్దమ్మా, ఎందుకు?" అంటే, "నా వంతు మట్టి ఇంకొకరు తియ్యాల్నా?" అంది. ఏప్రిల్ ఎండకు గుట్ట మీద రాళ్లు పెనం మాదిరి కాలుతున్నాయి. పన్నెండు గంటలకు ఆమె పార మీదికే ఒరిగి పడిపోయింది. అంబులెన్సుకు చేద్దామంటే అక్కడ సిగ్నల్ లేదు. నలుగురం ఆమెను టార్పాలిన్ పట్టాలో పడుకోబెట్టి మోసుకుంటూ దిగాం. రికార్డు ప్రకారం ఆమె ఆ రోజు గుట్ట మీద లేదు. కాబట్టి పడిపోనూ లేదు.

నా పేరు ఫెబీ. కంభం నుంచి గిద్దలూరు పోయే రోడ్డుకు లోపలగా మా పాలెం. నలభై రెండు మంది ఉపాధి కూలీల గ్రూపుకు నేను మేట్‌ని. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పనిలో ఉన్నవాళ్ల ఫోటో తీసి పంపాలి. మస్టరులో, అంటే హాజరు పట్టీలో, పేర్లు వేయించాలి. పంపడం వరకే నా చేతిలో ఉంటుంది. అందిందా లేదా అనేది ఆఫీసు చెప్పాలి. చాలాసార్లు అందలేదనే చెబుతుంది.

ఇక నా తప్పు చెబుతాను. కూలీలకైనా, కాలేజీ పిల్లలకైనా ఈ సంగతి చెప్పేటప్పుడు దాన్ని దాచుకోకూడదని మొదటి నుంచీ అనుకున్నాను.

పెద్దమ్మను మోసుకుంటూ దిగితే కింద ఎర్రకుంట వస్తుంది. అక్కడ కొత్తూరు గ్రూపు పూడిక తీస్తోంది. కొత్తూరువాళ్లు గొర్రెలు మేపుకునేవాళ్లు, కాస్తో కూస్తో మెట్టసేద్యం ఉన్నవాళ్లు. కుంట కట్ట మీద వేపచెట్లు, కట్ట పక్కన తారురోడ్డు, రోడ్డుకు అవతల సెల్ టవర్. పైన పచ్చటి పరదా కట్టి ఉంది. నీళ్ల క్యాన్లు వరుసగా ఉన్నాయి. ఆ నీడలో కూర్చుని రాధాకుమారి ఫోటో పంపుతోంది. నేను చూస్తుండగానే పోయింది. ఒక్క తాకుతో!

రాధాకుమారి వాళ్ల మేట్. పదో తరగతి దాకా మా ఇద్దరిదీ ఒకే బెంచీ. లెక్కలు నా దగ్గర చూసి రాసేది. ఇప్పుడు ప్రకాశరావు ఆమెను "రాధాకుమారి గారూ" అంటాడు. నన్ను "ఏయ్ అమ్మాయ్" అంటాడు.

మమ్మల్ని చూసి ఆమె నీళ్ల క్యాను ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది.

"మాకేం అక్కర్లేదులే" అన్నాను.

దాహం పెద్దమ్మది. వద్దన్నది నేను. ఆ తరవాత చాలా దూరం నడిచాకే ఒక ఇంట్లో నీళ్లు దొరికాయి. పెద్దమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనే మరిచిపోలేకపోతున్నాను.

మాకూ కుంటలో పని ఇవ్వండని అప్పటికే నాలుగు నెలలుగా మండలాఫీసు చుట్టూ తిరుగుతున్నాను. పని కావాలని రాసిచ్చే దరఖాస్తుకు రసీదు ఇవ్వాలని చట్టంలో ఉంది. రసీదు అడిగితే క్లర్కు నవ్వేవాడు. ఎస్టిమేటు రాలేదు. వచ్చింది గానీ లాగిన్ సార్ దగ్గర ఉంది. సార్ మార్కాపురంలో మీటింగుకు పోయాడు. సార్ వచ్చాడు గానీ సర్వర్ పోయింది. సర్వర్ వచ్చింది గానీ మీ జాబ్ కార్డులు వెరిఫికేషన్‌లో ఉన్నాయి. పోయిన ప్రతిసారీ గోడకు చేరగిలబడి నిలబడేదాన్ని. నా కళ్లముందే రాధాకుమారి వచ్చి, కుర్చీలో కూర్చుని, సంతకం పెట్టి పోయేది. ఆమె చెప్పులు చూసేదాన్ని, జడ చూసేదాన్ని, ఫోను చూసేదాన్ని. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస. నా భర్త శ్యాంసన్ ఒకరోజు విసుక్కున్నాడు. "ఆఫీసోళ్లను తిట్టే నోరు మూతబడింది గానీ ఆ పిల్లను తిట్టే నోరు మూతబడదేందే నీకు?"

పెద్దమ్మ పడిపోయిన మరుసటి రోజు ప్రకాశరావు నన్ను వరండాలో పక్కకు పిలిచాడు. మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"నీకు చెప్పకూడదు గానీ చెప్తన్నా. మీ పాలెంలో సగం దొంగ కార్డులని కొత్తూరోళ్లు పిటిషన్ ఇచ్చినారు. అందుకే మీకు ఈ వెరిఫికేషన్, ఈ కళ్లార్పుడు, అన్నీ. ముందు సంతకం మీ రాధాకుమారిదే."

"రాధానా?" అన్నాను.

"నువ్వూ ఒకటి ఇయ్యి. వాళ్లు గొర్రెలు కాసుకుంటా పేర్లేసుకుంటాండారు, వాళ్లవీ దొంగ కార్డులేనని రాయి. నేను టైపు చేయిచ్చినా, సంతకం పెడితే సాలు."

కాగితం అప్పటికే తయారుగా ఉంది. అదెందుకు ముందే తయారుగా ఉందని నేను ఆలోచించలేదు. సంతకం పెట్టాను. దాని నకలు మీదే గుండ్రటి సీలు వేసి, తేదీ వేసి, రసీదుగా నా చేతిలో పెట్టారు. ఆ ఆఫీసు నాకిచ్చిన మొదటి రసీదు అదే. దాన్ని రైకలో దోపుకుని, గెలిచినదానిలా ఇంటికొచ్చాను.

నాలుగు రోజుల్లో కొత్తూరువాళ్ల పని ఆపేశారు. ఎర్రకుంట ఖాళీ అయింది. పరదా విప్పుతుంటే నేను రోడ్డు మీద నిలబడి చూశాను. నాకు సంతోషం కలిగింది. అబద్ధం చెప్పను, చాలా సంతోషం కలిగింది. అయితే ఆ కుంట పని మాకూ రాలేదు. వెరిఫికేషన్ పూర్తయ్యేదాకా గుట్ట పని కూడా నిలిపేస్తున్నామని ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యి జనం బయటికొస్తుండగా కొత్తూరు జనం మా పాలెంలోకి వచ్చారు. ముప్పై మందికి పైనే. చేతుల్లో గొర్రెల కాపరుల కర్రలు. ముందు రాధాకుమారి.

"ఏమే ఫెబీ! మా పని ఎత్తేయించినావంట గదా. కడుపు సల్లబడిందా?"

"మావి దొంగ కార్డులని రాసిందెవురు ముందు?"

"రాసినా! ఎందుకు రాయగూడదు? మేం పనికి రాకుండానే పేర్లేసుకుంటాండామని ఉగాదికి ముందే నువ్వు రాయలేదా?"

"నేను రాసింది మొన్న మంగళారం."

"అబద్ధాలాడబాక!"

మావాళ్లు ముందుకు తోసుకొచ్చారు. వాళ్లవాళ్లు కర్రలు పైకెత్తారు. ఎవరిదో చెప్పు గాల్లో లేచింది. ఆ మధ్యలోకి నతానియేలు మామ వచ్చి నిలబడ్డాడు. వ్యవసాయ కూలీ సంఘంలో ముప్పై ఏళ్లుగా తిరిగిన మనిషి. గొంతు పెద్దది కాదు గానీ ఆ గొంతుకు రెండు ఊళ్లూ ఆగుతాయి.

"కొట్టుకుందురు గానీ. ముందు ఆ కాగితాలేందో నాకు సూపీండి."

రాధాకుమారి చీరకొంగులోంచి ఒకటి తీసింది. నేను ఇంట్లోకి పోయి నాది తెచ్చాను. మామ రెంటినీ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని, పైకి చదివాడు. మొదటి వాక్యం ఒకటే. రెండోదీ ఒకటే. మూడో వాక్యంలో "పాలెం" ఉన్నచోట "కొత్తూరు" ఉంది. అంతే తేడా.

"ఉగాదికి ముందు మన పాలెం నుంచి ఏ కాగితమూ పోలేదు" అన్నాడు మామ. "రాధమ్మా, నీకట్లని సెప్పిందెవురు?"

ఆమె తన కాగితాన్ని ఇంకోసారి చూసుకుంది.

"ప్రకాశరావు సారే" అంది.

"దేనికి? మనల్ని ఇట్ల కొట్టుకోబెడితే వానికేమొస్తాది?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

సమాధానం చెప్పింది మల్లయ్యన్న. కొత్తూరులో అందరికంటే పెద్ద మంద ఆయనది. "నిన్న పొద్దుగూకే యాళకు మందను తోలుకొస్తాంటే సూసినా. కుంట కాడ మట్టి తవ్వే ప్రొక్లెయిన్ మిషన్ దిగింది. టిప్పర్లు కూడా వచ్చి నిలబడినాయి. కంభం రోడ్డులో ప్లాట్లేస్తాండారంట, ఆడికి మట్టి."

అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. కుంటలో కూలీలు ఉంటే మిషన్ దిగడానికి వీలుండదు. ఇద్దరినీ బయటికి నెట్టాలంటే ఆఫీసు కష్టపడాల్సిన పని లేదు, మా చేతనే నెట్టించవచ్చు.

"మనం ఒకరి పళ్లెంలోకి ఒకరం సూసుకుంటా కూసుంటిమి" అన్నాడు నతానియేలు మామ. "వాళ్లు కుంటనే మోసుకపోతాండారు."

రాధాకుమారి నా వైపు తిరిగింది. కోపం తగ్గలేదు.

"నీకు తెలుసునా, నిన్ను సూస్తే నాకెంత మంటనో? నువ్వు ఇంగ్లీషు కాగితం గడగడా సదువుతావు. నాకు రాక, ఆయన యాడ పెట్టమంటే ఆడ పెడతా సంతకం. మీకు సంఘం ఉంది. తప్పయితే అడిగేదానికి ఈ మామ ఉండాడు. మాకెవురున్నారు? కుర్చీ ఏసి కూసోబెడితే అదే గొప్పనుకున్నా."

నన్ను చూసి కుళ్లుకునేవాళ్లు కూడా ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

"నాకు నీ కుంట కాడి నీడ సూస్తే మంట" అన్నాను.

"తీసుకో నీడ! వచ్చి కూసో. ఎవురొద్దన్నారు?"

జనం నవ్వారు. నేను నవ్వలేకపోయాను. "ఆ రోజు నీళ్లు తెస్తే వద్దంటిని. తప్పు నాదే రాధా" అన్నాను. ఆమె తన చేతి కర్ర కింద పెట్టింది.

సోమవారం ఆరు గంటలకల్లా రెండు గ్రూపులూ కుంటలోకి దిగాయి. తొంభై మందికి పైగా, పారలతో, తట్టలతో. టిప్పర్లు వచ్చే దారికి అడ్డంగా మల్లయ్యన్న, ఇంకో ఇద్దరు కాపరులు మూడు వందల గొర్రెల్ని తోలి నిలబెట్టారు. మిషన్ డ్రైవరు హారన్ కొట్టాడు. గొర్రెలు ఒకదాని మీదికి ఒకటి ఒదిగాయి గానీ కదల్లేదు. ఆ పిల్లోడు ఎక్కడి నుంచో వచ్చిన కూలీనే. ఇంజను ఆపి దిగొచ్చి, "మీ మీదికి నేను పోనీలేను అక్కా" అని కట్ట మీద కూర్చున్నాడు.

మేము పని మొదలుపెట్టాం. కొత్తూరోళ్లు తవ్వితే మావాళ్లు తట్టలెత్తారు. నతానియేలు మామ టేపు పట్టుకుని కొలతలు వేశాడు.

ప్రకాశరావు ఎనిమిదింటికి వచ్చాడు.

"మస్టర్ లేకుండా పనిచేస్తే కేసవుతుంది. లేయండి పైకి!"

దానమ్మ పెద్దమ్మ నడుం నిటారు చేసి నిలబడింది. "మిషనుకు మస్టరుందా సార్? దాని కళ్లార్పించినావా?"

కుంటంతా ఘొల్లుమంది. ప్రకాశరావు ముఖం నల్లబడింది. రాధాకుమారి రెండు పిటిషన్లనూ ఆయన ముఖం ముందు పట్టుకుంది. "రాధాకుమారి గారూ, మీరు కూడానా..." అన్నాడు.

"గారు ఇంక సాలు సార్" అందామె.

పదకొండుకు మండలాధికారి మేడం జీపు వచ్చింది. వెనకాలే ఎస్సై జీపు. మేడం గొడుగు కింద నిలబడి, తనకేమీ తెలియదని, కమిటీ వేస్తానని, ముందు ఖాళీ చేయమని చెప్పింది.

నేను మా మాట చెప్పాను. మిషన్ పోవాలి. కుంట పని రెండు గ్రూపులకూ కలిపి ఇవ్వాలి. ముఖం పడనివాళ్ల హాజరు కాగితం మీద రాయాలి. అవి రాసి సంతకం పెట్టిందాకా కదలం.

"గవర్నమెంటు పనికి అడ్డం తగులుతున్నారు" అన్నాడు ఎస్సై. "లీడర్ ఎవరు?"

"నేను" అంది రాధాకుమారి.

"నేను" అన్నాను.

ఇద్దర్నీ ఒకే జీపులో ఎక్కించారు. ఆడవాళ్లు జీపు ముందు పడుకున్నారు. వాళ్లను పక్కకు లాగడానికి పోలీసులకు గంట పట్టింది. దానమ్మ పెద్దమ్మను లాగడానికి వచ్చిన కానిస్టేబులు ఆమె వయసు చూసి వెనక్కి తగ్గాడు. జీపు కదిలాక తిరిగి చూస్తే, మిగతావాళ్లు మళ్లీ కుంటలోకి దిగుతున్నారు. పారలు లేస్తున్నాయి, పడుతున్నాయి.

స్టేషన్లో రైటర్ కాగితం తీశాడు. "ఏ వన్, రాధాకుమారి. ఏ టూ, ఫెబీ" అని రాసుకున్నాడు.

చూడండి, నాకు అప్పుడు కూడా కుళ్లు పుట్టింది. ఆమె పేరు ముందా? నాలుగు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగింది నేను. కుంటలో మాట్లాడింది నేను. ఏ టూ ఎట్లయితాను?

"సార్, నా పేరు ముందు రాయండి" అన్నాను.

రాధాకుమారి నా వైపు చూసి, "పదో తరగతిలో కూడా ఇంతే ఇది" అంది కానిస్టేబులమ్మతో. ఆ కుళ్లును నేను ఇవాళ్టికీ పూర్తిగా వదిలించుకోలేదు. ఎవరి మీద వాడాలో మాత్రం నేర్చుకున్నాను.

సాయంత్రం స్టేషన్ బెయిల్ మీద వదిలారు. మిషన్ ఆ రాత్రే కుంట దాటి పోయింది. కాగితం మీద మేడం సంతకం పడడానికి మాత్రం ఇంకో పందొమ్మిది రోజులు ఆఫీసు ముందు బైఠాయించాల్సి వచ్చింది. ఇప్పుడు ఎర్రకుంటలో రెండు గ్రూపులకూ ఒకే మస్టరు. దానమ్మ పెద్దమ్మ హాజరు కాగితం మీద పడుతోంది. ప్రకాశరావును వేరే మండలానికి మార్చారు. అక్కడ ఎవరి చేత ఎవరి మీద రాయిస్తున్నాడో తెలియదు. మా మీద కేసు నడుస్తూనే ఉంది. వాయిదాలకు ఇద్దరం ఒకే ఆటోలో పోతాం.

పోయిన వాయిదా రోజు కోర్టు బయట నలుగురు ఆడవాళ్లు మా కోసం కాచుకుని ఉన్నారు. వెలిగండ్ల వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చారట. వాళ్లలో పెద్దావిడ చేతిలో ఒక టైపు కాగితం ఉంది. పక్క వాడవాళ్ల మీద సంతకం పెట్టమని ఆఫీసులో ఇచ్చారట.

"ఇంకా పెట్టలేదమ్మా" అందామె. "మా చెరువులో కూడా మిషన్ దిగింది. మీరొకసారి వచ్చి, ఆ పక్క వాడోళ్లతో మాట్లాడతారా?"

"వస్తాం" అన్నాను.

అదే క్షణంలో రాధాకుమారి కూడా అంది. నాకంటే గట్టిగా.