బొగ్గుదొర రెండో భాగం

యలహంకలో నర్సింహులు రోజూ పొద్దున్నే ఎల్లమ్మ చేతి టీ తాగి, తాడు భుజాన వేసుకుని పనికి పోతాడు. కట్టే ఇళ్లకు సర్వి కర్రలతో పరంజా కట్టడం అతని పని. కొత్త సినిమా వస్తే టాకీసు ముందు కటౌట్లూ కడతాడు. పోయినేడు జారిపడి కాలు విరిగింది. కాలు అతుక్కుంది గానీ, పైకెక్కితే కళ్లు తిరగడం మాత్రం పోలేదు. ఆ సంగతి ఎల్లమ్మకొక్కదానికే తెలుసు. మేస్త్రీకి చెబితే పని పోతుంది, చెప్పకపోతే మనిషే పోతాడేమోనని ఆమె భయం.

ఆ శుక్రవారం 'బొగ్గుదొర-2' వచ్చింది. బొగ్గుదొర కామిక్ పుస్తకాల్లో విలన్. మొదటి భాగంలో సూపర్ హీరోని మూడు చెరువుల నీళ్లు తాగించాడు. అందుకే ఈసారి సినిమా అంతా అతనిదే. ముప్పై అడుగుల కటౌట్‌ను నర్సింహులే కట్టాడు. అభిమానులు పాలక్యాన్లతో దిగారు.

తీరా చూస్తే రెండున్నర గంటల్లో దొర ఒక్క చెడ్డపనీ చేయలేదు. మారిపోయాడట! అమ్మ ఫొటో ముందు ఏడ్చాడు, హీరోని వాటేసుకుని ఏడ్చాడు. విలన్‌ని చూద్దామని వచ్చినవాళ్లకు ఇదేం ఖర్మ? అభిమానులు ఇంటర్వెల్‌కే పాలు వెనక్కి పట్టుకుపోయి కాఫీ కాచుకున్నారు. మ్యాట్నీ వేళకు కటౌట్ సిగ్గుతో చతికిలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. కట్లు విప్పడానికి పైకెక్కే పని తప్పిందని నర్సింహులు ఊపిరి పీల్చుకున్నాడు.

సోమవారానికి సినిమా ఎత్తేశారు. మేస్త్రీ వెంకటగిరియప్ప కొత్త బిల్డింగుకు దిష్టిబొమ్మగా పనికొస్తుందని ఆ కటౌట్‌ను అడిగి తెచ్చాడు.

"మూడో అంతస్తులో కట్టేయప్పా. మొగం మీద చేతులు తీయమని చెప్పు, మీసాలు బాగుండాయి," అన్నాడు నర్సింహులుతో.

"గీ ఏడుపుగొట్టు మొగంతోని దిష్టి పోతదా?" అంది కింద ఇటుకలు మోస్తున్న ఎల్లమ్మ.

దొర చేతులైతే తీశాడు గానీ ఏడుపు ఆపలేదు. ఆ కన్నీళ్లకు కొత్త గోడలన్నీ తడుస్తుంటే, అవి గట్టిపడేందుకు రోజూ నీళ్లు కొట్టే పని తప్పిందని మేస్త్రీ మురిసిపోయాడు.

మూడోరోజు నాలుగో అంతస్తులో కర్రలు కడుతుండగా నర్సింహులుకు కళ్లు తిరిగాయి. కిందనుంచి చూస్తున్న ఎల్లమ్మ ఇటుకలు పారేసి పరుగెత్తింది. అతని కాలు జారింది. దొర ఏడుస్తూనే వంగి, చొక్కా కాలరు పట్టుకుని, అతన్ని ఇసుక కుప్ప మీద మెల్లగా దించాడు. ఆ క్షణం నుంచి దొర ఏడుపు ఆగిపోయింది.

ఎల్లమ్మ ఏడుస్తూనే, అతనికి కళ్లు తిరిగే సంగతంతా మేస్త్రీకి చెప్పేసింది. మేస్త్రీ తిట్టాల్సినంత తిట్టి, అప్పుడే ఆరిపోతున్న గోడల వంక చూశాడు.

"ఇంక పైకి పోవద్దప్పా. కిందనే ఉండి గోడలకు నీళ్లు కొట్టు. ఈయన ఏడ్చేది నిలిపేసినాడు."

మర్నాడు పొద్దున నర్సింహులు గ్లాసులోకి చూసి మొహం చిట్లించాడు.

"పాలేవే?"

"దొర కాళ్ల మీద పోసొచ్చిన. డికాషన్ తాగు," అంది ఎల్లమ్మ.