నీలం జాడీలు

ప్రతి శనివారం పొద్దున ఇంటి గిన్నెలన్నీ తోమేశాక దయామణి ఆఫీసు జాడీల దగ్గరికి వెళ్ళేది. మాచర్ల రైలుదారిలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో ముందు గది తంతి ఆఫీసు, వెనక గదులు ఆమె కాపురం. మధ్య నడవలో చెక్క అర మీద వరసగా గాజు జాడీలు. అడుగున నీలంగా మైలుతుత్తం, పైన నీళ్ళు, నీళ్ళలో జింకు ముక్క. ముందు గదిలో టకటకలాడే యంత్రానికి ప్రాణం పోసే బ్యాటరీ అదే. నీళ్ళు తగ్గితే పసిబిడ్డకు పాలు పట్టినట్టు అంచు వెంబడి కొద్దికొద్దిగా పోయాలి. కుదిపితే అడుగున ఉన్న నీలం పైకి లేచి జింకును నల్లగా కప్పేస్తుంది. తీగె నీరసించి పోతుంది.

ఈ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో తంతి గుమాస్తాగారైన ఆమె భర్త బాలశౌరి, "ఏమే, నాకు చేతులు ఖాళీ లేవు. ఆ జాడీల్లో కాసిని నీళ్ళు పొయ్యి" అన్నాడు. అంతే. వంటా, అంట్లూ, అత్తకు కాళ్ళు పట్టడమూ ఎలా ఆమెవయ్యాయో ఇదీ అలాగే ఆమెదయింది. వేళ్ళ సందుల్లో నీలం ఎంత రుద్దినా పోయేది కాదు. "ఏందే ఆ చేతులు, అద్దకం పెట్టేదాని మాదిరి? వడ్డిస్తంటే తినబుద్ధి కాదు" అనేది అత్త. అంటూనే ఆ చేతి పప్పు మారు వడ్డించుకునేది.

బాలశౌరి చెడ్డవాడు కాదు. పనిలో మహా నిష్ఠ. తీగె మీద వచ్చిన మాటను వచ్చినట్టు రాయాలి, ఒక్క అక్షరం చేర్చకూడదు, ఒక్క అక్షరం మింగకూడదు అనేవాడు. యుద్ధం రోజుల్లో ఎవరి బిడ్డదైనా చావుకబురు రాసిన పూట అన్నం ముట్టేవాడు కాదు. ఆమె కలిపి ముద్దలు పెడితే కళ్ళు తుడుచుకుని తినేవాడు. అలాంటి మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం ఆమెకు చేతనయ్యేది కాదు. అదే చిక్కు.

పోయిన ఏడు ఇన్‌స్పెక్టరు వచ్చి, "ఇంత శుభ్రమైన బ్యాటరీ నేనెక్కడా చూళ్ళేదయ్యా" అన్నాడు. "ఏదో, మీ దయ సార్" అని చేతులు నలుపుకున్నాడు బాలశౌరి. తలుపు వెనక కాఫీ గ్లాసులతో నిలబడ్డ దయామణి నీలపు వేళ్ళను కొంగుచాటుకు లాక్కుంది. ఇన్‌స్పెక్టరు వెళ్ళాక బాలశౌరి, "విన్నావా, నా జాడీల్ని ఎట్లా మెచ్చుకున్నాడో!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆ సంబరం చూసి ఆమె కూడా నవ్వేసింది. తరవాత బియ్యం ఏరుకుంటూ, ఎందుకు నవ్వానా అని చాలాసేపు ఆలోచించింది.

ఈ ఏడు పుట్టినూరు బెల్లంకొండలో చెల్లెలు మేరీకి తొలికాన్పు. తల్లి లేదు. బిడ్డకు బాప్తిస్మం అయ్యేదాకా అక్కే ఉండాలని కబురుచేసింది. పెళ్ళయ్యాక దయామణి పుట్టినూళ్ళో కంటినిండా నిద్రపోయినది లేదు. వెళ్ళీ వెళ్ళకముందే వచ్చెయ్యమనే కబురు వెనకాలే వచ్చేది. ఈసారి మాత్రం చెల్లెలికి మాటిచ్చింది. బయల్దేరుతూ, "జాడీలు కుదపబాకండి" అంటే బాలశౌరి, "నీళ్ళు పొయ్యటం కూడా నాకు నేర్పాల్నా?" అని నవ్వాడు.

మేరీకి ఆడపిల్ల పుట్టింది. దయామణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని బిడ్డకు నీళ్ళు పోస్తుంటే సత్తెనపల్లి నుంచి తంతి బంట్రోతు వచ్చి సైకిలు దిగాడు. తంతి అంటే ఆ ఊళ్ళో చావే. చదివేదాకా ఆగి ఏడిస్తే మనసులేని వాళ్ళనుకుంటారు. కవరు చూస్తూనే పక్కింటి రాములమ్మ చేతిలో చేట అవతల పారేసి గుండెలు బాదుకుంది.

"ఓ బాలశౌరయ్యో! బంగారమంటి అల్లుడో! నా తల్లిని కాలు కింద పెట్టనీకుండా కూచోబెట్టి సాకితివి గదయ్యో!"

ఇలాంటి కవర్లు ఎన్నో తన ఇంటి ముందు గది నుంచే బయల్దేరడం చూసిన మనిషి దయామణి. అయినా, అతను మెతుకు ముట్టకుండా కూర్చున్న రోజులన్నీ కళ్ళ ముందు తిరిగాయి. బిడ్డను మేరీ పక్కన పడుకోబెట్టి, కవరు చింపి, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును కూడబలుక్కుంది.

"నీ జాడీలు పాడయినవి. లైను నీరసించినది. వెంటనే రా. బాలశౌరి."

"ఎప్పుడంట తల్లీ?" అంది రాములమ్మ ముక్కు చీదుతూ.

"మనిషి బాగానే ఉన్నాడు పిన్నీ. జాడీలు పోయినయ్యంట."

"జాడీలా? పచ్చడి జాడీలకు తంతి ఏందే!" రాములమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇంత ఏడుపు దండగ చేయించినాడు గదే!"

దయామణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మళ్ళీ చదువుకుంది. మెచ్చుకున్న రోజున నా జాడీలు. పాడైన రోజున నీ జాడీలు. పైగా ఊళ్ళో ఎవరో అన్న మాట కాదిది. అతనే తన వేళ్ళతో కొట్టి, దారిలో ఉన్న ఆఫీసులన్నీ వినేలా పంపిన మాట.

"జవాబుకు డబ్బు కట్టే పంపినారమ్మా. రాసిస్తే తీసకపోతా" అన్నాడు బంట్రోతు.

"పోతావా అక్కా?" పక్కమీద నుంచి మేరీ గొంతు సన్నగా వచ్చింది.

ఆమె కాళ్ళు అప్పటికే రైలు దిక్కుగా ఆలోచిస్తున్నాయి. ఇన్ని ఏళ్ళ అలవాటు. పాపం ఆయన ఏం తిన్నాడో, ఇన్‌స్పెక్టరు ఏమంటాడో. వాటిని అలాగే ఆలోచించుకోనిచ్చి, చేతులు మాత్రం కాగితం మీద పెట్టింది.

"నా జాడీల్లో జింకు గీకండి. పై నీళ్ళు మార్చండి. కుదపకండి. బాప్తిస్మం అయ్యాక వస్తాను. వేళకు తినండి. దయామణి."

సైకిలు మలుపు తిరిగింది. సాయంత్రానికి ఈ మాటలు ముందు గదిలో టకటకలాడతాయి. అతను పెన్సిలు పట్టుకుని వంగుతాడు. మొదటి మాట దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగుతుందేమో. కానీ తరవాతి అక్షరం ఆగదు. తన చేత్తోనే రాసి, ఆఫీసు ముద్ర వేసి, తనకు తానే అందజేసుకోవాలి.

ఒక్క అక్షరం కూడా మింగడు. ఆ విషయంలో ఆమెకు భర్త మీద పూర్తి నమ్మకం.