ఒకే పెట్టెకు రెండు బాణాలు

మూడో పాయ మళ్ళీ వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. అక్క జుట్టు ఈమధ్య మరీ పలచబడి ఎలుక తోకంత అయింది, అయినా జడ వేయాల్సిందే. ముడి చుడతానంటే ఒప్పుకోదు. అతను దువ్వెనను పళ్ళ మధ్య పట్టుకుని, ముక్కు మీదికి జారుతున్న కళ్ళజోడు కోసం తల వెనక్కి వంచి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

"అంత చదువు చదివావు, మూడు పాయలు అల్లడం రాదేంరా నీకు?" అంది అక్క.

"నువ్వు కదలకపోతే వస్తుంది."

"కదలడానికి నాకు కాళ్ళెక్కడ ఏడ్చాయి?" అని తన మాటకు తనే నవ్వింది.

కాళ్ళున్నాయి. మాట వినడం మానేశాయి, అంతే. అమ్మ పోయేనాటికి అతనికి పాలపళ్ళు కూడా ఊడలేదు. అన్నం కలిపిపెట్టిందీ, చెవి మెలేసి బడికి పంపిందీ ఈ అక్కే. తన పెళ్ళి మాట ఎత్తినవాళ్ళను గుమ్మంలోంచే సాగనంపింది. అతని పెళ్ళి మాట ఎత్తడానికి తర్వాత ఎవరూ మిగల్లేదు. అలా ఇద్దరూ ఇద్దరుగానే ఉండిపోయారు. ఇప్పుడతనికి నెత్తి మీద జుట్టు మిగల్లేదు, ఆమెకింకా వాడు చిన్నోడే.

"ఇంతకీ నర్సమ్మ బొమ్మ ఇవాళైనా నడుస్తుందా?"

అతని ఉద్యోగం విశ్వవిద్యాలయం లైబ్రరీ కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో. తలుపు మీద ఏదో పెద్ద పేరే రాసుంటుంది గానీ అది చదివిన పాపాన ఎవరూ పోలేదు. పరిశోధన చేసేవాళ్ళంతా అతన్ని ఎర్రర్ బాబాయి అంటారు. భయం, నమ్మకం, విసుగు లాంటి వాటికి టేపు పెట్టి కొలవలేం కదా, అందుకని వాళ్ళు వాటిని గుండ్రాలుగా గీస్తారు. జనం చెప్పిన జవాబులను పెట్టెలుగా గీస్తారు. గుండ్రాల నుంచి పెట్టెలకు బాణాలు వేసి, ఆ బొమ్మలో ఏది ఏపాటిదో తేల్చమని సాఫ్ట్‌వేర్‌ను అడుగుతారు. అది నా వల్ల కాదని ఎర్ర అక్షరాలతో మొరాయించగానే బాబాయి దగ్గరకు పరుగెత్తుకొస్తారు. సాయంత్రం ఇంటికొచ్చి అతను ఆ ఎర్రర్లన్నీ అక్కకు కథలుగా చెబుతాడు. ఆమెకు లెక్కలు అక్కర్లేదు. ఎవరి బొమ్మ నడిచింది, ఎవరి బొమ్మ మొండికేసింది అన్నది చాలు.

ఈమధ్య ఆమె మనసంతా నర్సమ్మ బొమ్మ మీదే ఉంది. మంచాన పడ్డవాళ్ళను ఇళ్ళలో చూసుకునే మనుషుల గురించి ఓ నర్సు చేస్తున్న పరిశోధన అది. అందులో రెండు గుండ్రాలు. ఒకటి ప్రేమ, ఒకటి భారం. రెండూ పెడితే సాఫ్ట్‌వేర్ ససేమిరా అంటోంది.

"వాళ్ళ గైడు ప్రేమ తీసేయమన్నాడు. తీసేస్తే నడుస్తోంది మరి," అన్నాడతను జడకు రబ్బరుబ్యాండు వేస్తూ. "సాయంత్రంలోగా తేలకపోతే అలాగే పంపించేస్తారట."

"ప్రేమ తీసేస్తే నడుస్తుందా? ఇదేం విడ్డూరంరా!" అక్క బుగ్గలు నొక్కుకుంది. జడ ముందుకు వేసుకుని అడిగింది. "రాత్రి లేచొచ్చి నా దుప్పటి సర్దుతావు చూడు, అది ఏ గుండ్రంలోకొస్తుంది?"

"ఏమో. నిద్రమత్తులో ఎవడికి తెలుసు?"

"తిట్టుకుంటూనే సర్దుతావు. నాకు వినపడదనుకుంటున్నావేమో."

అతను సిగ్గుపడి, ఆమె కుర్చీని కిటికీ దగ్గరకు జరిపి, కాళ్ళ కింద పీట పెట్టి, చూస్తుండమని పక్కింటావిడకు ఓ కేకేసి బయలుదేరాడు.

లైబ్రరీ కింది గదిలో అడుగుపెట్టేసరికే నర్సు కుర్చీ అంచున కూర్చుని ఉంది. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, బట్టల్లో ఇంకా స్పిరిట్ వాసన. కళ్ళు పీక్కుపోయాయి.

"బాబాయ్‌గారూ, ఇవాళ కాకపోతే ఇక లేదు."

అతను చేయాల్సినవన్నీ మళ్ళీ చేశాడు. జవాబు చెప్పనివాళ్ళ గళ్ళలో గుర్తుగా వేసే తొంభైతొమ్మిదులు నిజం అంకెలుగా లెక్కలోకి చొరబడ్డాయేమో చూశాడు. లెక్క మొదలయ్యే చోటు మార్చి చూశాడు. ఊహూఁ. అదే ఎర్ర వాక్యం.

"పోనీ, మీ గైడుగారన్నట్టు..." అని నసిగాడు.

"ఆ మాట మాత్రం అనకండి." అందామె. "ఒక చేత్తో మందు పడుతూ, ఒక చేత్తో మూతి తుడుస్తూ నాకు జవాబులు చెప్పారండీ వాళ్ళు. ప్రేమ తీసేసి, మీదంతా బరువేనని అచ్చేయిస్తే వాళ్ళకు నా మొహమెలా చూపించను?"

అతనికి పొద్దున్న అక్క అడిగింది గుర్తొచ్చింది.

"రాత్రిపూట లేచి చూడటం గురించి ఏమన్నా అడిగారామ్మా?"

"అడిగాను. ఎన్నిసార్లు లేస్తారని."

"అది ఏ గుండ్రానికి ఇచ్చారు?"

నర్సు చెవులు ఎర్రబడ్డాయి. "అదీ... ఎటు పెట్టాలో తోచలేదు. అది భారమా ప్రేమా అంటే నేనేం చెప్పను? నేనూ మా అత్తగారికి అలా లేచినదాన్నే. అందుకని ఆ పెట్టె మొత్తం కాపీ చేసి, ఇంకో పేరు పెట్టి, చెరోటి ఇచ్చేశాను."

అతను నుదురు కొట్టుకుని పకపకా నవ్వాడు. "నా మతి మండా! ఇన్నాళ్ళూ పేర్లు చూశాను గానీ అంకెలు పక్కపక్కన పెట్టి చూడలేదు. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న కవలల్ని తెచ్చి విడదీయమంటే అదేం చేస్తుంది పాపం! ప్రేమ గుండ్రం తీసేస్తే ఆ కవల కూడా పోయింది, అందుకే నడిచింది."

"అయితే ఇప్పుడు ఎటు పెట్టాలి?"

"రెండిటికీను. పెట్టె మాత్రం ఒక్కటే. అసలు పెట్టెను ఉంచుకుని, కాపీని తీసేసి, రెండు గుండ్రాల నుంచీ దానికే బాణాలు వేద్దాం. వేయకూడదని ఎవరన్నారు?"

వేశాడు. మీట నొక్కాడు. చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. ఎర్ర అక్షరాల్లేవు. బాణాల మీద అంకెలు వచ్చి కూర్చున్నాయి. రాత్రి లేవడానికి ప్రేమ నుంచి వచ్చిన బాణమూ బలంగానే ఉంది, భారం నుంచి వచ్చిందీ బలంగానే ఉంది. నర్సు తెర మీద వేలు పెట్టి ఆ రెండంకెలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత చున్నీతో కళ్ళు తుడుచుకుని, కాగితాలు ముద్రించుకుని, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే గైడు గదికి పరుగెత్తింది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళ ఎర్రర్లన్నీ అతను కూనిరాగం తీస్తూ చూశాడు. బస్సులో కూర్చుని, అక్కకు ఎలా చెప్పాలో అనుకున్నాడు. ముందు మొహం వేలాడేసుకుని వెళ్ళాలి. నడవలేదని చెప్పాలి. ఆమె గైడును నాలుగు తిట్లు తిట్టాక అసలు సంగతి విప్పాలి. అనుకుంటేనే నవ్వొచ్చి, పక్క సీటాయన అతనివైపు వింతగా చూశాడు.

పక్కింటావిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"అన్నయ్యగారూ, ఫోన్ చేస్తే మీకు కలవలేదు." ఆమె అతని చేతిలో సంచి అందుకుంది. "నాతో మాట్లాడుతూ మాట్లాడుతూనే తల వాల్చేసింది. కునుకు పట్టిందనుకున్నాను. డాక్టరుగారు వచ్చి చూశారు... ఇక లేదన్నారు."

అక్కను మంచం మీద పడుకోబెట్టారు. అతను పక్కన పీట లాక్కుని కూర్చున్నాడు. చేయి ఇంకా పూర్తిగా చల్లబడలేదు. ఆమెను ఏడిపించాలనుకున్నదేదీ అతనికి గుర్తు రాలేదు.

"నడిచిందే అక్కా," అన్నాడు. "నర్సమ్మ బొమ్మ నడిచింది. ప్రేమ తీయలేదు." గొంతు సవరించుకుని, రోజూలాగే మొత్తం చెప్పుకొచ్చాడు, కాపీ చేసిన పెట్టె, కవలలు, గిర్రున తిరిగిన చక్రం, అన్నీ. "నువ్వడిగావు చూడు, దుప్పటి సంగతి. అది రెండిట్లోకీ వస్తుందే. రెండిట్లోకీ."

ఆపైన ఏడుపు ఆగలేదు. తప్పిపోయిన పిల్లాడిలా గట్టిగా ఏడ్చాడు. రేపు సాయంత్రం ఇంటికొచ్చి ఎవరికి చెప్పాలో అతనికి తెలియలేదు.

పక్కింటావిడ మంచినీళ్ళు తెచ్చిచ్చి, కిటికీ వైపు చూపించింది. "మీకోసమే కూర్చుని వలిచింది. పీచుంటే మా చిన్నోడికి గొంతు దిగదంది. నేను తీస్తానంటే ఇవ్వలేదు."

కిటికీ గట్టు మీద పళ్ళెంలో కమలా తొనలు వరసగా, పీచు పోగన్నది లేకుండా నున్నగా ఉన్నాయి. చివరి తొనకు మాత్రం తెల్లటి పీచు సగం దాకా ఊడి, పళ్ళెం అంచు మీదికి వేలాడుతోంది.